ఆంధ్రా కోర్టు డిక్రీ, ఒడిశాలో బాకీదారు: డబ్బు వసూలయ్యే దారేది?

పర్లాకిమిడి_కుర్రాడు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ధాన్యం, జీడిపిక్కల వ్యాపారం చేసేవారు. ఒకాయనకి అరువు మీద సరుకిచ్చి ప్రోనోటు రాయించుకున్నారు. ఆయన ఎగ్గొట్టాడు. లావాదేవీ అంతా సరిహద్దు అవతల ఆంధ్రాలో జరిగింది కాబట్టి అక్కడి కోర్టులోనే దావా వేశాం. 2019లో డిక్రీ వచ్చింది. అసలు 4,60,000 రూపాయలు, పైన వడ్డీ, ఖర్చులు. ఇంట్లో అందరం గెలిచామనుకుని స్వీట్లు పంచాం కూడా.

ఒక్క రూపాయి రాలేదు. అతను ఒడిశాలోని గుణుపురం వెళ్లిపోయాడు. ఆంధ్రా కోర్టులో ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేస్తే, ఆస్తి మా పరిధిలో లేదని అమీనా (వారంట్లు అమలు చేసే కోర్టు ఉద్యోగి) వారంటు తిప్పి పంపేశాడు. అతను మాత్రం పెళ్లిళ్లలో కనిపించి "ఏం బాబూ, కాయితం భద్రంగా ఉందా?" అని అడుగుతున్నాడు. నాన్నగారికి అదే పెద్ద టెన్షన్. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటోంది. రాష్ట్రం మారితే డిక్రీ చెల్లదా? పోలీసులు అరెస్టు చేయరా? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_గట్టు (రాయగడ)

తమ్ముడూ, ఆ డిక్రీకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకో. మన దగ్గర కోర్టులో గెలవడం సగం పనే. మిగతా సగం చూడటానికి మనం బతికుండాలి. మా చిన్నాన్న స్థలం కేసు గెలిచాడు, స్వాధీనం తీసుకున్నది మాత్రం ఆయన కొడుకు.

కోర్టు_తాత (బరంపురం)

బాబూ, నాగావళి మాట విని నిరుత్సాహపడకు. అలాగని ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. ఇండియాలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఎప్పుడో 1872లోనే అంది. దర్భంగా రాజు ఎస్టేటు కేసులో వచ్చిన మాట అది. నేను కోర్టులో వారంట్లు చూసే నాజర్ సెక్షన్లో పని చేసి రిటైరయ్యాను. వారంట్లు రాసి ఇవ్వడం, తిరిగొచ్చినవి ఫైలు చేయడం, బత్తా లెక్క చూడటం నా పని. అందుకే నాకు తెలిసింది చెబుతాను.

జనం అనుకునేదేమిటంటే, జడ్జిగారు తీర్పు చెప్పారు కాబట్టి ఇక కోర్టే వెంటపడి వసూలు చేస్తుందని. అలా జరగదు. కోర్టు తనంతట తాను కదలదు. ఈపీలో నువ్వు ఏది అడుగుతావో అదే చేస్తుంది. "బాకీదారు ఆస్తులు జప్తు చేయవలెను" అని మాత్రమే రాస్తే అమీనా ఎక్కడికెళ్లాలి? ఏ వీధి, ఏ సర్వే నంబరు, ఎల్లలు ఏమిటి, ఏ బ్యాంకు, ఏ బండి నంబరు, ఇవన్నీ రాసిచ్చే బాధ్యత డిక్రీదారుదే. తిరిగొచ్చిన వారంట్లలో నేను ఎక్కువగా చూసిన ఎండార్స్‌మెంటు "ఇంటికి తాళం వేసి ఉంది". దాని తర్వాతది "డిక్రీదారు వచ్చి ఇల్లు చూపించలేదు". మొదటిది బాకీదారు తెలివి, రెండోది మన బద్ధకం.

ఇంకోటి. డిక్రీకి పన్నెండేళ్ల గడువు ఉంటుంది. నీది 2019 అన్నావు కాబట్టి 2031 దాకా కంగారు లేదు. కాకపోతే డిక్రీ వచ్చి రెండేళ్లు దాటింది గనక ఈపీ వేశాక ముందు అతనికి నోటీసు వెళ్తుంది. నోటీసు అందగానే ఉన్నవి ఎవరి పేరనైనా మార్చేస్తాడు. దానికి ఏం చేయాలో వకీళ్లు చెప్పాలి.

గుణుపురం_వకీలు (గుణుపురం)

తాతగారు నన్ను పిలిచినట్టే ఉంది.

రాష్ట్రం మారితే డిక్రీ చెల్లకపోవడం అనేది లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే 1908 చట్టం, రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. అయితే మీ ఆంధ్రా కోర్టు తన పరిధి బయట ఉన్న మనిషి మీద గానీ, ఆస్తి మీద గానీ నేరుగా చెయ్యి వేయలేదు. సెక్షన్ 39లో నాలుగో ఉపసెక్షన్ 2002 నుంచి ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. అమీనా వారంటు తిప్పి పంపడంలో తప్పు లేదు. మీరు అడగాల్సింది జప్తు కాదు, ట్రాన్స్‌ఫర్. ఈ డిక్రీని గుణుపురంలో పరిధి ఉన్న సివిల్ కోర్టుకి పంపండని అక్కడే పిటిషన్ పెట్టాలి. ఆ కోర్టు డిక్రీ కాపీ, ఇంతవరకూ ఎంత వసూలైంది, ఎంత కాలేదు అన్న సర్టిఫికెట్, అమలుకి ముందు ఏమైనా ఆర్డర్లు ఇచ్చి ఉంటే వాటి కాపీ పంపుతుంది. అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 5 ప్రకారం వేరే రాష్ట్రమైనా నేరుగా పంపొచ్చు, జిల్లా కోర్టుల చుట్టూ తిప్పనక్కర్లేదు. పొరపాటున పరిధి లేని కోర్టుకి చేరినా, ఆ కోర్టే సరైన చోటికి పంపాలి.

ఇక్కడికి వచ్చాక ఈ కోర్టుకి అక్కడి కోర్టుకున్న అధికారాలన్నీ ఉంటాయి. ప్రోనోటు నిజమా, వడ్డీ ఎక్కువా అని మళ్లీ విచారించడం ఉండదు. మీ సాక్ష్యాలు తెలుగులో ఉన్నాయన్న బెంగా వద్దు. ఇక్కడ చూసేది డిక్రీని మాత్రమే.

తాతగారు అడిగిన దానికి జవాబు సెక్షన్ 46. ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యేలోపు ఆస్తి జారిపోతుందని భయముంటే, ఆంధ్రా కోర్టు నుంచి గుణుపురం కోర్టుకి ప్రిసెప్ట్ పంపించమని అడగొచ్చు. ఫలానా ఆస్తిని వెంటనే జప్తులో ఉంచండి అన్న కబురు అది. రెండు నెలలు ఉంటుంది. ఈలోపు డిక్రీ బదిలీ అయి, ఇక్కడ వేలానికి దరఖాస్తు పడాలి. లేదంటే గడువు పొడిగించమని అక్కడే అడగాలి. మన సరిహద్దు ఊళ్లలో ఇది ఎవరూ అడగరు. చాలామంది వకీళ్లకే గుర్తు రాదు, నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

పర్లాకిమిడి_కుర్రాడు

చాలా థాంక్స్ సార్. కానీ ఇంత తిరుగుడు ఎందుకు? మనిషి కళ్ల ముందే తిరుగుతున్నాడు. పట్టుకుని జైల్లో పెడితే రెండు రోజుల్లో కడతాడు కదా?

గుణుపురం_వకీలు

అందరూ అడిగేది ఇదే. సివిల్ జైలు ఉంది. రెండు వేల రూపాయల లోపు బాకీకి లేదు, ఐదు వేలు దాటితే మూడు నెలల దాకా ఉంచొచ్చు. కానీ డబ్బు డిక్రీలో జైలు మొదటి మెట్టు కాదు. కట్టగలిగి ఉండీ కట్టడం లేదని, లేదా ఆస్తి దాచాడని, పారిపోయేలా ఉన్నాడని మీరు చూపించాలి. ముందు అతనికి షోకాజ్ నోటీసు వెళ్తుంది, అతని స్తోమత మీద విచారణ జరుగుతుంది. 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో ఇది తేల్చేసింది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు. లేనివాణ్ణి లేనందుకు జైల్లో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం, ఉండి ఎగ్గొట్టేవాడి సంగతి వేరు అన్నారు.

ఆడవాళ్లని డబ్బు డిక్రీ కింద అసలు అరెస్టు చేయకూడదు. సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి వెళ్లకూడదు. జైల్లో ఉన్నన్నాళ్లూ అతని తిండి ఖర్చు మీరే ముందుగా కట్టాలి. తర్వాత దాన్ని ఖర్చుల కింద కలుపుకోవచ్చు.

నాగావళి_గట్టు

అంటే మనకి ఎగ్గొట్టినవాడికి మన డబ్బుతోనే భోజనం. మూడు నెలలయ్యాక బాకీ మాఫీ కూడానా?

కోర్టు_తాత

మాఫీ కాదు. జైలు నుంచి వచ్చినా బాకీ అలాగే ఉంటుంది. అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయకూడదు, అంతే. ఆస్తి దొరికితే జప్తు చేసుకోవచ్చు.

దులపరించుకున్న_రైతు (పద్మపురం దగ్గర)

ఇందాకట్నుంచీ చదువుతున్నాను. నేను అవతలి వైపు నిలబడినవాణ్ణి, అది కూడా వినండి. విత్తనాలు, ఎరువుల బాకీ మీద నా మీద డిక్రీ వచ్చింది. రెండేళ్లు పంట పోయింది. ఈపీలో నాకు నోటీసు వచ్చిన రోజు మా ఇంట్లో వంట వండలేదు. కోర్టులో జడ్జిగారు నా పొలం ఎంత, పశువులు ఎన్ని, పిల్లలు ఏం చదువుతున్నారు, అన్నీ అడిగారు. జైలు ఆర్డర్ ఇవ్వలేదు. షావుకారు ఒప్పుకుంటే నెలనెలా కట్టుకోమన్నారు, ఆయన ఒప్పుకున్నాడు, కట్టేశాను. ఆ రోజు ఆ ప్రశ్నలు అడగకుండా లోపలేసి ఉంటే ఆ మర్నాడు దుక్కి దున్నేవాడు లేడు. కాబట్టి "పట్టుకుని జైల్లో పెట్టండి" అనే ముందు అవతలి మనిషి ఎవరో చూడాలి. కుర్రాడు చెప్పినాయన పెళ్లిళ్లలో వెటకారాలాడుతున్నాడంటే ఆయన దగ్గర ఉన్నట్టే ఉంది, అది వేరే విషయం.

కోర్టు_తాత

రైతు బాబు మంచి మాట ఎత్తారు. జప్తు చేయకూడనివాటికి సెక్షన్ 60లో పెద్ద జాబితా ఉంది. ఒంటి మీద బట్టలు, వంట పాత్రలు, మంచాలు పరుపులు, మంగళసూత్రం లాంటివి, చేతిపనివాళ్ల పనిముట్లు, రైతు నాగలీ ఎడ్లూ, అతనుండే ఇల్లూ, పెన్షన్, పీఎఫ్, ఇవేవీ ముట్టుకోకూడదు. జీతమైతే మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులూ వదిలేయాలి. అది కూడా ఒక డిక్రీ కింద మొత్తం ఇరవై నాలుగు నెలల జీతం దాకానే.

ఒకసారి మా అమీనాతో పాటు నేనూ వెళ్లాల్సి వచ్చింది, కొత్తగా చేరిన రోజుల్లో. కొండ దిగువ ఊరు, ఒక కొట్టుతో ఉన్న ఇల్లు. ముందు టముకు వేయించాలి. టముకు వేసేవాడు తెలుగులో మొదలుపెట్టి, ఒడియాలో ఒక ముక్క, సవర భాషలో ఒక ముక్క చెప్పి ఊరంతా పోగయ్యేలా చేశాడు. అమీనా జప్తు ఉత్తరువు మైదా జిగురుతో తలుపుకి అంటించాడు. ఒక కాపీ కోర్టు నోటీసు బోర్డుకి వెళ్తుంది, ఇంకోటి కలెక్టరాఫీసుకి. ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్షి సంతకం పెట్టమంటే ఒక్కరూ ముందుకి రారు. రేపు ఊళ్లో ఉండాల్సింది వాళ్లే కదా. చివరికి పోస్టుమాస్టరు, బడి పంతులు పెట్టారు. ఇంత చేసినా ఆ స్థలం ఇంకా అమ్ముడుపోయినట్టు కాదు. ఇక అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదని చెప్పడమే జప్తు. వేలం వేరే ఘట్టం. పాట పాడినవాడు ఆ రోజే నాలుగో వంతు, పదిహేను రోజుల్లో మిగతాది కట్టాలి. అప్పటికి కూడా బాకీదారు బాకీ మొత్తం, పాటదారుడికి ఐదు శాతం అదనం కట్టి వేలం రద్దు చేయించుకోవచ్చు. చాలామంది ఆ ఘట్టంలోనే డబ్బు తెస్తారు. ఇల్లు టముకుతో అమ్మకానికి వస్తే బావమరుదులంతా ఎక్కడినుంచో ఊడిపడతారు.

ఎవరైనా బాకీ కొంత చేతికిచ్చుంటే ఈ మాట రాసి పెట్టుకోండి. కోర్టు బయట ఇచ్చిన డబ్బు కోర్టులో నమోదు చేయించకపోతే అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. బాకీదారు ఆ దరఖాస్తు ముప్పై రోజుల్లో పెట్టుకోవాలి. రచ్చబండ దగ్గర యాభై వేలిచ్చి, రసీదు లేక, మొత్తం మళ్లీ కట్టినవాణ్ణి చూశాను.

జయపురం_అక్క (జయపురం)

నాది డబ్బు డిక్రీ కాదు. మెయింటెనెన్స్ ఆర్డర్. ఆంధ్రాలో ఫ్యామిలీ కోర్టు ఇచ్చింది, నెలకి ఇంత అని. ఆయన కొరాపుట్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. పద్నాలుగు నెలలుగా ఇవ్వలేదు. వారంటు వేస్తే ఒక నెల జైల్లో ఉండి వచ్చి "శిక్ష అనుభవించాను, లెక్క చెల్లు" అంటున్నాడు. పిల్లాడి స్కూలు ఫీజు నా అన్నయ్య కడుతున్నాడు. నేనూ మీలాగే డిక్రీ ట్రాన్స్‌ఫర్ చేయించాలా?

గుణుపురం_వకీలు

అక్కా, మీ దారి వేరు, ఒక విధంగా సులువు. మీ ఆర్డరు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125 కింద వచ్చి ఉండాలి, 2024 జూలై 1 తర్వాతదైతే దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 144 కింద. అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు ముందు ఆ ఆర్డరు అమలు చేయించుకోవచ్చని చట్టంలోనే ఉంది, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 147. ఆర్డరు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

జైలుకెళ్తే లెక్క చెల్లు అనేది పచ్చి అబద్ధం. జైలు అతని చేత కట్టించడానికే గానీ బాకీకి బదులు కాదని సుప్రీంకోర్టు 1989లో కుల్దీప్ కౌర్ కేసులో చెప్పింది. మీరు జాగ్రత్త పడాల్సింది గడువు దగ్గర. బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోపు వారంటుకి దరఖాస్తు పెట్టాలి. పద్నాలుగు నెలలంటున్నారు కాబట్టి ఏ నెలలకి దరఖాస్తు పెట్టారో ఇవాళే చూసుకోండి. ఇకనుంచి నాలుగైదు నెలలకోసారి పెట్టేస్తూ ఉండండి, పోగు పడనివ్వకండి.

ఉద్యోగి కాబట్టి జీతం మీదికి వెళ్లడమే మేలు. భరణం డిక్రీ అమలులో సెక్షన్ 60 రక్షణ బాగా తక్కువ, జీతంలో మూడో వంతే అతనికి మిగుల్తుంది, రెండొంతులు జప్తుకి వస్తుంది. మీ ఆర్డరు మేజిస్ట్రేటు తరహాది కాబట్టి జీతం ఇచ్చే ఆఫీసుకి ఉత్తరువు ఇప్పించమని అడగండి. ఆస్తుల అఫిడవిట్ పెట్టించారా? 2020 రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు అఫిడవిట్‌లో చూపాలి. అతని పే స్లిప్పు అందులోనే ఉంటుంది.

వకీలు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. 15100 కి ఫోన్ చేసినా చెబుతారు.

జయపురం_అక్క

ఏడాది గడువు సంగతి నాకెవరూ చెప్పలేదండీ. రేపే వెళ్తాను.

మోడరేటర్

అందరికీ మనవి: అవతలివాళ్ల పేర్లు, కంపెనీ పేర్లు, కేసు నంబర్లు ఇక్కడ రాయకండి. ఒకరిద్దరు మెసేజ్‌లో అడుగుతున్నారు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసుకిచ్చిన పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు. ఆంధ్రా కేసూ, ఒడిశా కేసూ రెండూ అందులోనే దొరుకుతాయి.

నాగావళి_గట్టు

మనుషుల సంగతి సరే. ప్రభుత్వాలే వినకపోతే? ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే సరిహద్దు ఊళ్లు, కొటియా చూడండి. సుప్రీంకోర్టు చెప్పి ఎన్నేళ్లయింది? రెండు రాష్ట్రాలూ రేషన్ కార్డులిస్తాయి, రెండూ బోర్డులు పాతుతాయి. అక్కడ ఏ అమీనా వెళ్లి టముకు వేస్తాడు?

పొట్టంగి_మాస్టారు (పొట్టంగి)

మా పక్కూళ్ల కథ కాబట్టి నేను చెప్తాను. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఎవరూ ముందుకీ వెనక్కీ జరగకండి, యథాస్థితి ఉంచండని అప్పట్లోనే ఉత్తరువు. 2006లో దావా తేలకుండానే సాంకేతిక కారణాల మీద ముగిసింది. 2021లో ఆంధ్రా ఆ ఊళ్లలో కొన్నింట పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఇక్కడ జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు పెన్షన్లు కూడా ఉన్నవాళ్లున్నారు. మీరన్నట్టు అమీనా రాడు. కానీ ఆ ఉత్తరువు లేకపోతే ఈపాటికి రెండు పోలీసు శాఖలూ ఎదురెదురు నిలబడి ఉండేవి. నాలుగైదు సార్లు నిలబడ్డాయి కూడా, అది వేరే కథ.

గుణుపురం_వకీలు

ప్రభుత్వం మీద కూడా దారి ఉంది నాగావళి గారూ. డబ్బు డిక్రీ అయితే మూడు నెలలు ఆగాలి, అప్పటికీ కట్టకపోతే అమలు మొదలుపెట్టొచ్చు, సెక్షన్ 82. భూసేకరణ పరిహారం ఇవ్వకపోతే ఆఫీసు జీపూ, కుర్చీలూ జప్తు చేయడానికి అమీనా వెళ్లిన వార్తలు మీరూ చదివుంటారు. సామాన్యంగా ఆ సాయంత్రానికే చెక్కు సిద్ధమవుతుంది.

ఫలానా పని చేయండి, చేయకండి అన్న ఉత్తరువైతే కోర్టు ధిక్కారం (కంటెంప్ట్) కేసు వేయాలి. 1971 చట్టంలో ఆరు నెలల జైలు, రెండు వేల జరిమానా దాకా ఉంది, ఏడాదిలోపు కదలాలి. 2022 మార్చిలో ఆంధ్రా హైకోర్టు బడి ఆవరణల్లో సచివాలయాలు కట్టొద్దన్న ఉత్తరువు పాటించలేదని ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకి రెండు వారాల జైలు వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పుకుంటే దాన్ని హాస్టళ్లలో సేవగా మార్చింది. అయితే కుర్రాడిలాంటి డబ్బు బాకీకి కంటెంప్ట్ వేస్తామంటే కోర్టు ఒప్పుకోదు. ఈపీ వేసుకో పొమ్మంటుంది.

బాహుదా_తీరం (ఇచ్ఛాపురం అవతల)

నాదొక చిన్న డౌటు. పక్కింటాయన మా దారి మీద గోడ కట్టకూడదని కోర్టు నిషేధ ఉత్తరువు, శాశ్వత ఇంజంక్షన్ ఉంది. కట్టేశాడు. నేనేం చేయాలి? పోలీసులు సివిల్ మేటర్ అంటున్నారు.

గుణుపురం_వకీలు

ఆర్డర్ 21 రూల్ 32. అతని ఆస్తి జప్తు, సివిల్ జైలు రెండూ అడగొచ్చు. ఐదో సబ్‌రూల్ కింద ఆ గోడ కోర్టు మనిషి చేత కూల్పించి, ఆ ఖర్చు అతని దగ్గరే వసూలు చేయించొచ్చు. పోలీసు సాయం కావాలని కూడా ఆ పిటిషన్‌లోనే అడగండి, అప్పుడు వాళ్లు సివిల్ మేటర్ అనలేరు. శాశ్వత ఇంజంక్షన్‌కి పన్నెండేళ్ల గడువు వర్తించదు. అదే "కట్టిన గోడ తీసేయి" అన్న డిక్రీ అయితే మూడేళ్లే, అది జాగ్రత్త.

పర్లాకిమిడి_కుర్రాడు

రెండు రోజులు గుణుపురంలో మా బంధువుల ఇంట్లో ఉండి కనుక్కున్నాను. మెయిన్ రోడ్డు కొట్టు భార్య పేర ఉంది, దావా నడుస్తుండగా రిజిస్టర్ చేశాడు. ఒక వ్యాను అతని పేరనే ఉంది. అసలు ముఖ్యమైంది ఏంటంటే, హాస్టళ్లకి బియ్యం, పప్పులు సప్లై చేస్తున్నాడట. బిల్లులు నెలనెలా కాదు, ఆలస్యంగా పోగుపడి ఒకేసారి వస్తాయట. ఇందులో ఏది పట్టుకోవాలి?

నాగావళి_గట్టు

ఓహో, పెళ్లిలో వెటకారం చేసినాయన గవర్నమెంటు సప్లయరా. అయితే ఫ్రేము కట్టించకు తమ్ముడూ.

గుణుపురం_వకీలు

భేష్. తాతగారు చెప్పిన పనిలో సగం మీరు చేసేశారు.

బిల్లులు పట్టుకోండి. అతనికి రావాల్సిన బాకీని, అతని చేతికి చేరకముందే కోర్టు ఆపొచ్చు. దాన్ని గార్నిషీ అంటారు, ఆర్డర్ 21లోనే రూల్ 46, 46ఎ. డబ్బు ఇవ్వాల్సిన ఆఫీసుకి నోటీసు వెళ్తుంది: అతనికి ఇవ్వకండి, కోర్టులో కట్టండి, లేదా ఎందుకు కట్టరో వచ్చి చెప్పండి అని. ఆఫీసువాళ్లకి అతని మీద ప్రేమేమీ ఉండదు. నోటీసు అందాక అతనికిస్తే తామే బాధ్యులమవుతామని వాళ్లకి తెలుసు. ఇంటికి తాళం వేసి తప్పించుకోవడం ఇక్కడ కుదరదు.

వ్యాను కూడా జాబితాలో రాయండి, ఆర్‌సీ కాపీ ఆర్టీఓ దగ్గర చూసుకుని. దాని మీద ఫైనాన్స్ ఉంటే ముందు బ్యాంకు వాటా పోతుంది, ఆశ పెట్టుకోకండి.

కొట్టు సంగతి కొంచెం పెద్దది. జప్తు చేయిస్తే భార్య "నాది" అని రూల్ 58 కింద క్లెయిమ్ వేస్తుంది. అది నిజంగా ఆమెదా, అప్పులవాళ్లని మోసం చేయడానికి మార్చిందా అన్నది అదే కోర్టు అదే పిటిషన్‌లో తేలుస్తుంది, వేరే దావా అక్కర్లేదు. దావా వేసిన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ పక్కపక్కన పెట్టి, ఆమెకి అప్పట్లో ఆదాయం ఏమిటో అడగండి. గుణుపురం ఉన్న రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా (ఆదివాసీ ప్రాంతం) కాబట్టి ఆ స్థలం మొదట ఎవరిదో కూడా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చూడండి. వెనకాల ఎక్కడైనా ఆదివాసీల నుంచి అనుమతి లేకుండా చేతులు మారి ఉంటే ఆదివాసీ భూముల బదిలీ మీద ఒడిశా 1956 రెగ్యులేషన్ అడ్డొస్తుంది, ఆ వేలానికి పెట్టే ఖర్చు దండగ.

కోర్టు_తాత

ఇంకొకటి కలుపుకో బాబూ. రూల్ 41 కింద అతని ఆస్తులన్నీ అఫిడవిట్ మీద చెప్పమని అడుగు. చెప్పకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంది, దానికి స్తోమత విచారణ గొడవ లేదు, ఉత్తరువు ధిక్కరించినందుకే. అబద్ధం చెబితే అది వేరే కేసు. ఈపీ ఆర్నెల్లలో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో రాహుల్ షా కేసులో చెప్పింది, కుదరకపోతే కారణం రాయాలంది. 2025లో పెరియమ్మాళ్ కేసులో దేశం మొత్తం మీద లెక్క తీయిస్తే 8.8 లక్షల పైన ఈపీలు పెండింగని తేలింది. కాబట్టి ఆర్నెల్లన్నది నీ వకీలు ప్రతి వాయిదాకీ గుర్తు చేస్తేనే కదులుతుంది. మెమో వేయమను, నోటి మాట కాదు.

పర్లాకిమిడి_కుర్రాడు

గార్నిషీకి ఆఫీసు వివరాలు ఎంతవరకు కావాలి సార్? బిల్లు నంబర్లు నాకు తెలియవు.

గుణుపురం_వకీలు

నంబర్లు అక్కర్లేదు. బిల్లు పాస్ చేసే అధికారి హోదా, ఆఫీసు చిరునామా, సప్లై ఏ సంవత్సరానిది, అతని ఫర్మ్ పేరు, ఇవి చాలు. సప్లై ఆర్డర్ కాపీ ఆర్‌టీఐలో అడగండి, జవాబుకి ముప్పై రోజులు. కానీ దాని కోసం ఆగకండి. రేపే ఆంధ్రా కోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్, ప్రిసెప్ట్ అప్లికేషన్ రెండూ ఒకేసారి వేయించండి. సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే అప్లై చేసుకోండి, అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే. ఇక పెళ్లిళ్లలో ఆయన ఎదురుపడితే ఏమీ అనకండి, సప్లై సంగతి మీకు తెలుసని అస్సలు తెలియనివ్వకండి.